మత్తులో పడవ – చట్టం ఏమంటుంది?

ఈ ఏటి ప్రత్యేక సంచికకు న్యాయశాస్త్ర సంబంధమైన వ్యాసం ఒకటి వ్రాసి ఇవ్వమని విద్యార్థి సంఘం మిత్రులు ముగ్గురు నా ఆఫీసుకు వచ్చారు. "తాగి బండి నడిపితే ఏమైతదో రాయుండ్రి సార్" అన్నాడు ఒకాయన. ఆ విషయం మీద చౌరస్తాల్లో బోర్డులున్నాయి, సినిమాహాళ్లలో ప్రకటనలున్నాయి, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. "తాగి పడవ నడిపితే ఏమవుతుందో వ్రాస్తాను" అన్నాను. ముగ్గురూ ఒకరి మొఖం ఒకరు చూసుకొని నవ్వారు. "మన కరీంనగర్‌ల పడవ ఏడ నడుపుతరు సార్?" అని అడిగారు.

ఎక్కడ నడపడం లేదో చెప్పమన్నాను నేను. గోదావరి బాసర, ధర్మపురి, మంథని దాటి కాళేశ్వరం చేరేదాకా చాలా దూరం పాత ఆదిలాబాద్ జిల్లాకు దక్షిణపు హద్దుగా పారుతుంది. ఉత్తరాన వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితగా మారి, మనకూ మహారాష్ట్రకూ నడుమ గీత గీసుకుంటూ వచ్చి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. కడెం, శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి, దిగువ మానేరు, మధ్య మానేరు – ఇన్ని జలాశయాలలో చేపలు పట్టి బతికే కుటుంబాలు ఎన్ని వేలో! పుట్టి, తెప్ప, నాటు పడవ, మరబోటు – ఇవన్నీ మన కండ్ల ముందు తిరిగేవే. సెలవు రోజు సాయంత్రం మానేరు కట్ట మీద నిలబడితే బోటు షికారు చేసేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. 2019 డిసెంబరులో ప్రాణహితలో నాటు పడవ మునిగి ఇద్దరు అటవీ ఉద్యోగులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ప్రమాదానికి తాగుడుతో సంబంధం లేదు. పడవ మన బతుకులకు దూరపు వస్తువు కాదని చెప్పడానికే ఆ మాట ఎత్తాను.

ఈ విషయమే ఎంచుకోవడానికి మరొక కారణం కూడా ఉన్నది. అది నా సొంత సంగతి. ఈ కళాశాలలో చదివే రోజుల్లో జరిగింది. ముందు దాన్ని చెప్పి, తరువాత చట్టంలోకి వస్తాను.

*

1987 కార్తీక మాసం. మంథని వైపు ఒక మిత్రుని ఊరికి అయిదుగురం పోయి, గోదావరి అవతల అతని చుట్టాల ఇంట్లో భోజనం చేసి, పొద్దుగూకే వేళకు రేవుకు తిరిగి వచ్చాము. మా సంచిలో ఒక సీసా ఉన్నది. పడవ నడిపే ఆయనకు అరవై ఏండ్ల దాకా ఉంటాయి. ఊరంతా తాత అనే పిలిచేది, మేమూ తాత అన్నాము. ఒక గ్లాసు పోసి ఇస్తే, "వద్దు బిడ్డా, తాగి గంగల దిగద్దు" అన్నాడు. మేము ఊరుకోలేదు. "చలికి ఏం గాదు తాతా, ఇది సర్కారు సరుకు" అని బలవంతం చేశాము. రెండోసారి పోసినప్పుడు ఆయన వద్దనలేదు. మూడోసారి తానే గ్లాసు చాపినాడు. "పోలీసులు చూస్తరేమో తాతా" అని మాలో ఒకడు హాస్యమాడితే, "నీళ్లల్ల పోలీసోడుంటడా?" అని నవ్వినాడు.

పడవలో మేము అయిదుగురం గాక అంగడి నుండి వచ్చేవాళ్లు మరో తొమ్మిది మంది ఎక్కారు. అంత మందికి సరిపోయే పడవ కాదది. నడి గోదావరి దాటిన తరువాత తాత చేతిలోని గడ జారింది. పడవ అడ్డం తిరిగి బండకు తగిలి ఒరిగింది. నీళ్లు మాకు ఛాతీ దాకానే ఉన్నాయి. కాని తలమీద మూటతో కూర్చున్న ముసలామె ఒకామె మాత్రం లేవలేదు. తెల్లవారి రెండు ఫర్లాంగుల దిగువన దొరికింది.

పోలీసులు మా అయిదుగురినీ అడిగిన ప్రశ్న ఒక్కటే: "పడవ నడిపినాయన తాగి ఉన్నాడా?" అయిదుగురం ఉన్నాడనే చెప్పాము. ఎవరు పోసినారని వాళ్లు అడగలేదు. మేమూ చెప్పలేదు.

తాత మీద కేసయింది. రేవును వేలంలో పాడుకున్న గుత్తేదారు పేరు కాగితాల్లో ఎక్కడా రాలేదు. పడవను తీసుకుపోయి ఠాణా వెనుక పడవేశారు. వాయిదాల చుట్టూ నాలుగేండ్లు తిరిగి తిరిగి, చివరకు విసిగి తాత నేరం ఒప్పుకున్నాడు. ఆరు నెలల శిక్ష పడింది. ఆయన్ను ఏ సెక్షన్ల కింద శిక్షించారో నేను లా చదివిన తరువాత గాని నాకు తెలియలేదు. అప్పటి నుండి ఆ కేసును నా మనసులో ఎన్నిసార్లు వాదించానో లెక్కలేదు. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ వాదన సారమే.

రోడ్డు చట్టం రేవు దాకానే

తాగి బండి నడపడం అనగానే మనకు గుర్తొచ్చేది 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేండ్ల దాకా జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

అయితే ఈ చట్టం "మోటారు వాహనం" అనే మాటకు చెప్పుకున్న అర్థం చూడండి: యంత్రబలంతో నడిచేది, రోడ్డు మీద వాడడానికి తగినట్లు చేసినది. పడవ రోడ్డు మీద నడవదు. అందువల్ల 185వ సెక్షనూ, దానితో వచ్చే ఊదుడు మిషనూ రేవు మెట్ల దగ్గరే ఆగిపోతాయి. 30 మిల్లీగ్రాముల లెక్క నది మీద పనిచేయదు. తాత అన్న "నీళ్లల్ల పోలీసోడుంటడా" అనే మాట ఇంతవరకు నిజమే.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఊదించే చట్టం లేదు గనుక అసలు చట్టమే లేదనుకుంటారు. రోడ్డు మీద తాగి నడపడమే ఒక నేరం. ఎవరికీ దెబ్బ తగలకపోయినా, బండి సక్కగా నడిపినా సరే, శిక్ష పడుతుంది. నీటి మీద చట్టం ఎంత తాగినావని అడగదు. తెడ్డు పట్టిన చేతిలో ఎందరి ప్రాణాలున్నాయి, ఆ ప్రాణాల పట్ల ఎట్లా నడుచుకున్నావని అడుగుతుంది. కొలత చూసే చట్టం కంటే నడవడి చూసే చట్టం తేలికైనదని ఎవరూ అనుకోవద్దు.

నీటి మీద నడిచే సెక్షన్లు

1860 నాటి భారత శిక్షాస్మృతిలోనే 280వ సెక్షన్ ఉండేది. మనుషుల ప్రాణానికి అపాయం కలిగేటంత దుడుకుగా, నిర్లక్ష్యంగా నౌకను నడిపితే ఆరు నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1 నుండి ఆ స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో ఇదే నేరం 282వ సెక్షన్ అయింది. జైలు అంతే ఉన్నది, జరిమానా మాత్రం 10,000 రూపాయలకు పెరిగింది.

"నౌక" అంటే ఓడ, స్టీమరు అని అనుకోకండి. మనుషులనుగాని సరుకునుగాని నీటిమీద చేరవేయడానికి చేసిన ఏ వస్తువైనా నౌకే అని చట్టం అర్థం చెప్పింది. ఆ లెక్కన ఎల్లంపల్లి నీళ్లలో తిరిగే పుట్టి కూడా నౌకే. మరబోటు అయితేనే వర్తిస్తుంది, గడ వేసే పడవకు వర్తించదు అనే మాట ఈ సెక్షన్ ముందు చెల్లదు.

రెండోది, కిరాయికి మనుషులను ఎక్కించుకున్న సంగతి. పడవ పాడైన స్థితిలో ఉన్నా, ప్రాణాపాయం కలిగేటంత బరువు ఎక్కించినా, శిక్షాస్మృతి 282వ సెక్షన్ కింద నేరం. ఇప్పుడు న్యాయ సంహితలో అది 284. ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షన్‌లో ఒక చిన్న మాట ఉన్నది: చేరవేసినవారే కాదు, చేరవేయించినవారు కూడా. అంటే గడ పట్టిన కూలివానితో పాటు, వానిచేత నడిపించిన యజమాని, గుత్తేదారు కూడా ఇందులోకి వస్తారు. మా పడవలో పద్నాలుగు మంది ఉన్నారు గదా! ఆ రోజు ఈ ఒక్క మాటను ఎవరైనా చదివి ఉంటే గుత్తేదారు పేరు కాగితం మీదికి ఎక్కి ఉండేది.

మూడోది, ప్రాణం పోయిన సంగతి. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే పాత 304-ఏ సెక్షన్ కింద రెండేండ్ల దాకా శిక్ష ఉండేది. కొత్త సంహితలో 106వ సెక్షన్ కింద అది అయిదేండ్లకు పెరిగింది. పడవా, బస్సా, లారీయా అనే భేదం ఇందులో లేదు.

నాలుగోది ఇంకా బరువైనది. ఇట్లా చేస్తే మనుషులు చచ్చిపోయే అవకాశమున్నదని తెలిసి కూడా చేస్తే, అది ఉత్త నిర్లక్ష్యం కాదు. హత్య కింద రాని నరహత్య. కొత్త సంహిత 105వ సెక్షన్ ప్రకారం, చంపాలనే ఉద్దేశం లేకుండా ఆ తెలివిడి మాత్రమే ఉన్నా పదేండ్ల దాకా జైలు, జరిమానా. తాగి నడిపినవారిని ఇందులోకి లాగవచ్చునా అంటే, రోడ్డు కేసులలో సుప్రీంకోర్టు లాగింది. 2006లో ముంబయిలో ఒక యువకుడు తాగి కారు నడిపి, పేవ్‌మెంటు మీద పడుకున్న ఏడుగురు కూలీల చావుకు కారణమైనాడు. 2012లో సుప్రీంకోర్టు ఆ కేసును ఉత్త నిర్లక్ష్యంగా తీసివేయక, తెలిసి చేసిన నరహత్యగానే నిలబెట్టి, హైకోర్టు వేసిన మూడేండ్ల శిక్షను ఖాయం చేసింది. ఆ తర్కానికి రోడ్డు, నది అనే పట్టింపు లేదు. నడి గోదావరిలో పద్నాలుగు మందిని కూర్చోబెట్టుకొని తాగినవానికి తన చేతిలో ఏమున్నదో తెలియదని ఏ ప్రాసిక్యూటరు ఒప్పుకుంటాడు?

ఇక ఇంజనుతో నడిచే బోట్ల సంగతి. వీటికి 1917 నుండి ఒక ప్రత్యేక చట్టం ఉండేది. దాని స్థానంలో 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. బోటు రిజిస్టరు చేయించాలి, తనిఖీ చేయించాలి, నడిపేవానికి యోగ్యతా పత్రం ఉండాలి, ప్రాణరక్షణ సామగ్రి ఉండాలి, బీమా ఉండాలి. ఇంజను లేని పడవలను కూడా జిల్లా, తాలూకా, గ్రామ స్థాయిలో నమోదు చేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. అనుమతి లేని బోటు ఎంత పని చేస్తుందో 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమంలో చూశాము. ఇరవై మందికి పైగా పోయినారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో మన వరంగల్లు వైపు వాళ్లూ ఉన్నారు. మత్తు లేకుండానే నది ఇంత పని చేయగలిగినప్పుడు, మత్తు కూడా తోడైతే చెప్పవలసినదేమున్నది?

"నాకు సోయి లేకుండె" అంటే?

కోర్టులో తరచు వినే మాట ఇది. తాగి ఉంటిని, ఏం చేసిన్నో తెల్వదు అని. ఈ సాకును చట్టం 1860లోనే ఆలోచించి పెట్టింది. ఇప్పుడు న్యాయ సంహితలో 23, 24 సెక్షన్లు. నీకు తెలియకుండా ఎవరో కలిపి తాగించినా, నీ ఇష్టానికి విరుద్ధంగా బలవంతాన పోసినా, ఆ మత్తులో నీకు మంచిచెడ్డలు తెలియకపోతే క్షమ ఉన్నది. నీ అంతట నీవే తాగితే లేదు. తాగనివానికి ఎంత తెలివిడి ఉండేదో అంత తెలివిడి నీకూ ఉన్నట్లే చట్టం లెక్క కడుతుంది.

1956లో సుప్రీంకోర్టు బాసుదేవ్ కేసులో ఈ సంగతిని విడమరచి చెప్పింది. పెండ్లి భోజనం దగ్గర కూర్చునే చోటు కోసం గొడవపడి, తాగిన మత్తులో ఒక మాజీ సైనిక జమాదారు ఒక కుర్రవానిని కాల్చి చంపాడు. మత్తు ఉన్నమాట నిజమే గాని, తాను చేసేదేమిటో తెలియనంత మత్తు కాదని కోర్టు తేల్చి శిక్షను ఉంచింది. తాతను మేము "బలవంతం" చేశామన్నాను గదా! అది మాటల బలవంతం. అది 23వ సెక్షన్ కిందికి రాదు. గ్లాసు పట్టుకున్నది ఆయన చెయ్యే.

రుజువు మాట

మరి ఊదించే మిషను లేనిచోట తాగినాడని రుజువు చేసేదెట్లా? ప్రమాదం జరిగిన వెంటనే పోలీసులు నిందితుని ప్రభుత్వ వైద్యుని దగ్గరికి పంపి పరీక్ష చేయించవచ్చు, రక్తం తీయించవచ్చు. దీనికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 53వ సెక్షన్ ఉండేది, ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 51వది. ఈ పరీక్ష చేయకుండా నోటి వాసన, తూలుడు నడక చూసి "తాగి ఉన్నాడు" అని వ్రాసిన డాక్టరు కాగితం సరిపోదని 1971లోనే సుప్రీంకోర్టు ఒక బొంబాయి కారు ప్రమాదం కేసులో అన్నది.

తాతకు రక్త పరీక్ష జరుగలేదు. జరిగిందల్లా వాసన చూడడం, మా అయిదుగురి వాంగ్మూలం. 1971 తీర్పును చూపి వాదించగల వకీలు ఉంటే కేసు వేరే దారి పట్టేదేమో. చదువుకున్న అయిదుగురు విద్యార్థులు ఒక్క గొంతుతో చెప్పిన సాక్ష్యమే ఆయన మెడకు చుట్టుకున్నది. ఆ సాక్ష్యంలో అబద్ధం లేదు. సగమే ఉన్నది.

పోసినవానికి ఏమీ లేదా?

విద్యార్థి మిత్రులు ముఖ్యంగా చదవవలసిన భాగం ఇది. న్యాయ సంహిత 125వ సెక్షన్ "పడవ నడిపేవాడు" అనదు, "డ్రైవరు" అనదు. ఇతరుల ప్రాణానికి అపాయం కలిగేటంత దుడుకుగా, నిర్లక్ష్యంగా ఏ పని చేసినవాడైనా అంటుంది. మూడు నెలల దాకా జైలు, లేదా 2,500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎవరికైనా తీవ్రమైన గాయమైతే జైలు మూడేండ్ల దాకా పోతుంది. పద్నాలుగు మందిని దాటించవలసినవానికి మూడు గ్లాసులు పోయడం ఈ మాటల కిందికి రాదని నేను ఇవాళ నా కక్షిదారుకు ధైర్యం చెప్పలేను. పాత స్మృతిలో ఇదే 336 నుండి 338 దాకా ఉండేది. అంటే 1987లో కూడా చట్టంలో మా కోసం ఒక చోటు ఉన్నది. మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టేవాడు లేకపోయినాడంతే.

ఇక షికారుకు పోయి, పడవ నడిపేవాన్ని పక్కకు జరిపి, తెడ్డు తామే అందుకునే మిత్రులు ఉంటారు. సరదాకైనా సరే, తెడ్డు పట్టిన మరుక్షణం 282వ సెక్షన్ దృష్టిలో నడిపేది వాళ్లే.

"బెయిలు దొరికే కేసే గదా, జరిమానా కడితే అయిపోతది" అనుకోవద్దు. సర్కారు ఉద్యోగం వస్తే పోలీసు విచారణ కాగితంలో నీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా అని అడుగుతారు. ఉన్నదని వ్రాస్తే వివరణ ఇచ్చుకోవాలి. లేదని వ్రాసి దాచిపెడితే ఉద్యోగానికే ముప్పు. అట్లా దాచిపెట్టినప్పుడు అధికారులు ఏమి ఆలోచించాలో 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. నీళ్లలో గడిపిన ఒక సాయంత్రం పదేండ్ల తరువాత ఒక ఫారంలో ఎదురుపడవచ్చు.

పైసల మాట, పడవ మాట

ప్రమాద బీమా పాలసీ కాగితాన్ని పూర్తిగా చదివేవాళ్లు తక్కువ. మత్తులో ఉండగా జరిగిన ప్రమాదానికి పైసలు ఇవ్వబోమనే షరతు వాటిలో మామూలుగా ఉంటుంది. క్రిమినల్ కేసులో మత్తు రుజువు కాలేదు గదా, బీమా కంపెనీ ఎట్లా ఎగవేస్తుందని అడగవచ్చు. 2021లో ఒక కారు బీమా కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది: ఊదుడు పరీక్షగాని రక్త పరీక్షగాని లేకపోయినా, మిగతా పరిస్థితులను బట్టి బీమా కంపెనీ మత్తును రుజువు చేసుకోవచ్చును. అంటే జైలు తప్పినా పైసలు పోవచ్చు. రోడ్డు ప్రమాదాలకు ఉన్నట్లు పడవ ప్రమాదాలకు ప్రత్యేక ట్రిబ్యునల్ లేదు. చనిపోయినవారి కుటుంబం సివిల్ కోర్టుకు పోవాలి, లేదా కిరాయి ఇచ్చి ఎక్కిన పడవ అయితే వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు.

పట్టుకున్న పడవ సంగతి ఒకటి చెప్పాలి. కేసు తేలేదాకా పడవ ఠాణాలోనే ఉండాలనేది అపోహ. వెంటనే మెజిస్ట్రేటు దగ్గర దరఖాస్తు పెట్టుకుని, పూచీ ఇచ్చి విడిపించుకోవచ్చు. పాత కోడ్‌లో 451, ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 497వ సెక్షన్. పట్టుకున్న వాహనాలను ఠాణాల్లో ఏండ్ల తరబడి పడేసి ఉంచవద్దని 2002లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. బెస్తవాని ఇంట్లో పడవ అంటే రైతు ఇంట్లో ఎడ్ల జతతో సమానం. ఈ ఒక్క దరఖాస్తు సంగతి తెలిస్తే ఎన్ని ఇండ్లల్లో పొయ్యి ఆరకుండా ఉంటుందో!

ప్రాణహిత అవతల ఒడ్డు

ఆదిలాబాద్ వైపు మిత్రులకు ఒక హెచ్చరిక. ప్రాణహిత అవతలి గడ్చిరోలి జిల్లాలో 1993 నుండి మద్యనిషేధం ఉన్నది. చంద్రాపూర్‌లో 2015లో పెట్టి 2021లో ఎత్తివేశారు. మన ఒడ్డున దుకాణం, ఆ ఒడ్డున నిషేధం, నడుమ పడవ. దాహం ఎటునుండి ఎటు పోతుందో చెప్పనక్కరలేదు. మన ఒడ్డున బిల్లు ఇచ్చి అమ్మిన సీసానే నడి నది దాటేసరికి నేరానికి రుజువవుతుంది. అక్కడి మద్యనిషేధ చట్టం కింద పర్మిట్ లేకుండా తేవడం, దగ్గర ఉంచుకోవడం, తాగడం మూడూ నేరాలే. పైగా దొంగసరుకు మోసిన బండినే కాదు, పడవను కూడా సర్కారు జప్తు చేసుకోవచ్చు. మన 1968 నాటి ఎక్సైజు చట్టంలోనూ అటువంటి ఏర్పాటే ఉన్నది. ఎవరి సీసాలో తెలియకుండా మోసుకుపోయే పడవాయనే ఇందులో ముందుగా నష్టపోయేది.

పై దేశాల సంగతి

మద్యాన్ని నీటి మీద కొలవడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలో సరదా బోటు నడిపేవారికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములు, వృత్తిగా నడిపేవారికి 40 మిల్లీగ్రాములు హద్దు. సముద్రపు ఓడల సిబ్బందికి 2010లో మనీలాలో పలు దేశాలు కూర్చొని 50 మిల్లీగ్రాముల హద్దు ఒప్పుకున్నాయి.

ఈ హద్దులు ఊరకే రాలేదు. 1989 మార్చి 24న అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ అనే చమురు ఓడ రాళ్లకు తగిలి సముద్రమంతా నూనె పాలయింది. కెప్టెన్ తాగి ఉన్నాడని కేసు పెట్టారు. కాని రక్తం తీసింది ఎన్నో గంటల తరువాత. 1990లో జ్యూరీ తాగుడు నేరం నుండి అతన్ని విడిచిపెట్టి, నిర్లక్ష్యంగా నూనె ఒలకబోసిన నేరానికి మాత్రమే దోషి అన్నది. అదే 1989 ఆగస్టు 20న లండన్ నడిబొడ్డున థేమ్స్ నదిలో మార్షియోనెస్ అనే విహార నౌకను ఇసుక ఓడ ఒకటి గుద్దితే 51 మంది చనిపోయారు. ఇసుక ఓడ కెప్టెన్ అంతకుముందు పగలు బీరు తాగిన సంగతి బయటపడింది. రెండుసార్లు విచారణ జరిగినా జ్యూరీలు ఒక నిర్ణయానికి రాలేకపోయాయి. ఇవన్నీ చూసిన తరువాత 2003లో బ్రిటన్ నావికులకు మద్యం హద్దు పెడుతూ చట్టం చేసింది. మన నదుల మీద కూడా అటువంటి హద్దు స్పష్టంగా ఉండాలనీ, రేవులలోనూ బోటు షికారు కేంద్రాలలోనూ బయలుదేరే ముందే పరీక్ష జరగాలనీ నా అభిప్రాయం. ప్రమాదం జరిగిన తరువాత శిక్షించే చట్టం ఎంత గట్టిదైనా, మునిగినవారు తిరిగి రారు.

*

ముగించే ముందు మళ్లీ తాత దగ్గరికి వస్తాను. సనదు తీసుకున్న ఏడాది ఆ ఊరికి పోయినాను. ఇంటి అరుగు మీద కూర్చొని వల కుట్టుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఎవరినో చెప్పి, ఆ రోజు పోసింది మేమేనని పోలీసులకు చెప్పలేదని చెప్పినాను. చాలాసేపు వల మీదినుండి చూపు తిప్పలేదు. "పోసింది మీరే గని తాగింది నేనే గద బిడ్డా. ఆ ముసలమ్మ మా చుట్టమే" అన్నాడు. తరువాత, "వకీలువైనవంటున్నవు. నా పడవ ఇప్పిస్తవా?" అని అడిగినాడు.

ఠాణా వెనుకకు పోయి చూశాను. ఏడేండ్ల ఎండకు, వానకు చెక్కలు విడిపోయి, నడుమ తుమ్మచెట్టు మొలిచింది. దరఖాస్తు పెట్టడానికి అక్కడ పడవ లేదు.

మిత్రులారా! రేపు మీరు కాళేశ్వరం పోతారు, మానేరు కట్టకు పోతారు, ప్రాణహిత దాటుతారు. ఎక్కే ముందు పడవ నడిపే ఆయన మొఖం ఒకసారి చూడండి. ఆయన తాగి ఉంటే దిగిపోండి. కిరాయి పోతే పోనీయండి. ఆయన తాగకపోతే మీరు తాగించకండి. ఎప్పుడైనా పోలీసులు మిమ్మల్ని సాక్ష్యం అడిగితే, అడిగినదానికే కాదు, అడగనిదానికి కూడా జవాబు చెప్పండి. ఆ రెండో సగం చెప్పనందుకు నాకు ఏ సెక్షన్ కిందా శిక్ష పడలేదు. ఇన్నేండ్లయినా ఆ కేసు నా దగ్గర ఇంకా మూయలేదు.